ఎల్లి, ఎల్లమ్మ, రేణుక

పేర్లకు చరిత్ర ఉంటదని చదువుకున్నోళ్లందరూ ఒప్పుకుంటరు. ఎవరి పేర్లకు అన్నకాడనే పేచీ. కాకతీయ రుద్రమను శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాసిన సంగతి బడి పిల్లలకు మేమే పాఠం చెప్తం. రాణి పేరు కాబట్టి దాని మీద పుస్తకాలొచ్చినయి. మరి తాండూరు నాపరాయి గనుల్ల బండలు మోసే ఎల్లమ్మ, కంది చేన్ల కలుపు తీసే ఎల్లమ్మ, పొద్దుగాల రైలెక్కి పట్నంల కూలికి పోయే ఎల్లమ్మ – వీళ్ల పేరు ఎక్కడికెల్లి వచ్చింది? వికారాబాద్ టేషన్ల నిలబడి 'ఎల్లమ్మా' అని ఒక్క కేక పెట్టుండ్రి, ఇద్దరు ముగ్గురన్న తిరిగి చూస్తరు. ఇంతమంది మోసిన పేరుకు ఒక పేజీ చరిత్రన్నా ఉండొద్దా?

'ఎల్ల' అన్న మాటకు తెలుగు నిఘంటువుల్ల రెండు అర్థాలున్నయి. ఒకటి అంతా, అందరూ అని. రెండోది హద్దు, పొలిమేర అని. కన్నడంల కూడ ఎల్ల అంటే అన్నీ, ఎల్లె అంటే హద్దు. తమిళంల ఎల్లై అంటే పొలిమేరే. అంటే ఈ మాట ఏ ఒక్క భాషదో కాదు, దక్షిణాది నేల మాట. సంస్కృతంల నుంచి దిగుమతి అయింది కాదు. కొందరు పండితులు 'అందరికీ అమ్మ' అంటరు, కొందరు 'పొలిమేర అమ్మ' అంటరు. మా అవ్వనడిగితే రెండూ నిజమే అనేది. కానీ నాకొక అనుమానం. అందరికీ అమ్మ అయితే ఆమె గుడి ఊరి నడుమ ఎందుకు లేదు? చాలా ఊర్లల్ల ఎల్లమ్మ గద్దె ఊరి చివర్ల, చెరువు కట్ట కింద, యాపచెట్టు నీడకే ఎందుకున్నది? ఊరి హద్దు దాటినంక ఏముంటదో మీకు తెలుసు. మా ఇండ్లుంటయి. మేమూ అమ్మా ఒక్క తావునే ఉన్నం, అందుకే మా ఆడపిల్లలకు ఆ పేరు.

తాండూరోళ్లకు ఈ హద్దు ముచ్చట ఇంకో తీరుగ కూడ తెలుసు. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాల ఉండె. నిజాం రాజ్యం పోయి, హైదరాబాద్ రాష్ట్రం కూడ పోయి, భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు మిగిలిన గుల్బర్గా మైసూరు దిక్కు పోయింది, మా రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌ల కలిసినయి. ఒక్క రాత్రిల అక్కచెల్లెండ్లు రెండు రాష్ట్రాలోళ్లయిండ్రు. తర్వాత 1978ల రంగారెడ్డి జిల్లా అన్నరు, 2014ల తెలంగాణ వచ్చింది, 2016 అక్టోబర్ల వికారాబాద్ జిల్లా అన్నరు. మా అవ్వ ఒక్క ఇంట్లనే బతికి ఇన్ని హద్దులు మారంగ చూసింది. గవర్నమెంటు హద్దులు మారినా పేరు మాత్రం మారలే. అటు సేడం, చించోళి దిక్కు మా చుట్టాలు ఎల్లవ్వ అంటరు, మేం ఎల్లమ్మ అంటం. పిలుపు ఒక్కటే. ఏడాదికోసారి పోయే గుట్ట కూడ ఒక్కటే, బెళగావి జిల్లాల సవదత్తి ఎల్లమ్మ గుట్ట.

ఈ ప్రాంతం పేర్లు వింటే ఇక్కడ ఎవరెవరు బతికిండ్రో తెలుస్తది. అనంతగిరి గుట్ట మీది అనంతపద్మనాభస్వామి వల్ల వికారాబాద్ చుట్టుముట్టు అనంతమ్మలు, అనంతయ్యలు. లింగాయతుల సావాసంతోని బస్సమ్మ, సంగమ్మ. దర్గాలకు, పీర్లకు మొక్కుకుంటె పుట్టిన పిల్లలు మైబమ్మ, హుస్సేనమ్మ, ఫకీరమ్మ. పుట్టినోళ్లంతా సచ్చిపోతుంటే ఈ పిల్లనన్నా మృత్యువు ముట్టొద్దని పెంటకుప్ప మీద పండవెట్టి తెచ్చుకుని పెట్టిన పేరు పెంటమ్మ. పట్నపోళ్లు ఆ పేరు విని ముక్కు మూసుకుంటరు. ఆ పేరు ఎనుక ఎంతమంది పసిగుడ్లు మట్టిల కలిసిండ్రో వాళ్లకేం తెలుసు? మిషన్ దవాఖాన్లు, బడులు వచ్చినంక వికారాబాద్‌ల మా వాళ్లల్ల రూతమ్మ, మార్తమ్మ, కరుణమ్మ, ఎస్తేరమ్మ పుట్టిండ్రు. మెథడిస్టు మిషనోళ్లు పెట్టిన ఆడపిల్లల బడి, మేరీ నాట్స్ పేరు మీద ఉన్నది, వికారాబాద్‌ల ఇప్పటికీ నడుస్తున్నది. దేవుణ్ణి మార్చిండ్రు అని తిట్టేటోళ్లు తిడతరు గానీ, మాదిగ పిల్లను పేరు పక్కన 'అమ్మ' తీసేయకుండ పిలిచింది మొదలు ఆ బడులల్లనే అని మా పెద్దలు యాది చేసుకుంటరు.

ఎందుకంటె ఊర్ల మా అవ్వను ఎల్లమ్మ అని ఎవరూ పిలువలే. పటేలు ఇంటికాడ ఆమె ఎల్లి. పటేలు మనుమడు, మూతి మీద మీసం రానోడు కూడ "ఏయ్ ఎల్లీ, పాకల పెండ తియ్యి" అనేటోడు. మా అవ్వ వాణ్ణి "అయ్యా" అనాలె. లచ్చమ్మ లచ్చి, పోశమ్మ పోశి, బాలయ్య బాలిగాడు. 'అమ్మ', 'అయ్య' అన్న రెండక్షరాలు మా నోట్లెకెల్లి వాళ్లకు పోవాలె గానీ వాళ్ల నోట్లెకెల్లి మాకు రావొద్దు. ఇది ఏదో ఒక పటేలు పొగరు కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకంల రాసే పెట్టిండ్రు: బ్రాహ్మణుని పేరు మంగళంగ, క్షత్రియుని పేరు బలంగ, వైశ్యుని పేరు ధనంతోని ఉండాలె, శూద్రుని పేరు మాత్రం వినంగనే రోత పుట్టాలె. ఆ లెక్కల మేం శూద్రులం కూడ కాదు, ఇంకా కింద. ఇంకో రెండు శ్లోకాల అవతల ఆడోళ్ల పేర్లు పలకనీకె సులువుగ, చెవికి ఇంపుగ, దీర్ఘంతోని అయిపోవాలె అని ఉన్నది. 'ఎల్లీ' దీర్ఘంతోనే అయిపోతది, మనువు సంతోషపడాలె! పాత తెలుగుల 'ఎల్లి' అంటే రేపు అని అర్థం, ఎల్లుండి దాంట్లకెల్లి వచ్చిందే. మా అవ్వ కూలి పైసలడిగితే పటేలింట్ల ఎప్పుడూ రేపు రా అనేదే. పేరు పెట్టి పిలిచిండ్రో, వాయిదా చెప్పిండ్రో.

ఇగ ఎల్లమ్మకు రేణుక అన్న పేరు ఎట్లొచ్చింది? మహాభారతం అరణ్యపర్వంల రేణుక కథ ఉన్నది. ఆమె ప్రసేనజిత్తు రాజు బిడ్డ, జమదగ్ని ముని పెండ్లాం. నీళ్లకు పోయినకాడ చిత్రరథుడనే రాజు తన ఆడోళ్లతోని జలకాలాడుతుంటే చూసి మనసు చలించింది. అది తెలిసి మొగడు కొడుకులను పిలిచి తల్లిని సంపమన్నడు. నలుగురు కొడుకులు మా తోని కాదన్నరు, శాపం తగిలింది. అయిదోవాడు పరశురాముడు గొడ్డలెత్తి నరికిండు. తండ్రి మెచ్చి వరమిస్తె తల్లి మళ్ల బతకాలె, తనను సంపిన సంగతి ఆమెకు యాదికి ఉండొద్దు అని అడిగిండు. రేణువు అంటే సన్న దుమ్ము, పుప్పొడి. రేణుక కథ పుస్తకంల అక్కడికి అయిపోయింది.

మా వాడల్ల కథ అక్కడ అయిపోదు. బైండ్లోళ్లు పట్నం ఏసి, జమిడిక వాయించుకుంట తెల్లార్లు చెప్పే కథల గొడ్డలి ఎత్తంగనే తల్లి ఉరుకుతది. బామ్మనోళ్ల ఇండ్లల్లకు ఉరకలే, రాజుల కోటలకు ఉరకలే. మాదిగ వాడకు ఉరికింది. తోళ్లు నానబెట్టే లంద కింద దాసుకున్నది. లంద వాసనకు పెద్ద కులపోడు దగ్గరికి రాడని ఆమెకు తెలుసు! ఒక మాదిగామె ఆమెను కాపాడవొయ్యి అడ్డం నిలవడ్డది. ఆ కొడుకు ఇద్దరి తలకాయలూ నరికిండు. మళ్ల బతికించేటప్పుడు తలలు మారిపోయినయి. ఆ తల ఈ మొండానికి, ఈ తల ఆ మొండానికి. ఒకరు ఎల్లమ్మ, ఒకరు మాతంగి. చెప్పేటోన్ని బట్టి కథ కొంచెం అటిటు అయితది గానీ తల మారుడు మాత్రం ఎవరూ ఇడిచిపెట్టరు. అలంపురంల దొరికిన తలలేని తల్లి శిల్పాన్ని కొందరు పండితులు రేణుకతోని కలిపి చెప్తరు. గౌడులకు ఎల్లమ్మ ఇంటి దేవతే, మాకూ ఇంటి దేవతే.

ఈ కథల నాకు కనబడేది ఒకటే. పుస్తకాలోళ్లకు కావాల్సింది మొగని మాట జవదాటని రేణుక. ఆమెను కాపాడబోయి సచ్చిన మాదిగామె వాళ్లకు అక్కర రాలే. ఆమెకు భారతంల పేరు కూడ లేదు. మాతంగి ఆచారం గురించి తెల్లోళ్లు కూడ రాసి పెట్టిండ్రు. ఎమ్మా రోషన్‌బుష్ క్లౌ 1899ల మాదిగల మీద తెచ్చిన పుస్తకంల, థర్‌స్టన్ 1909ల తెచ్చిన కులాల సంపుటాల్ల మాతంగి గురించి ఉన్నది. జాతర నాడు మాతంగి అయిన మాదిగామె పెద్ద కులాలోళ్ల మీద ఉమ్ముతది, వాళ్లను తిడతది, వాళ్లు దాన్ని పుణ్యమని పట్టుకుంటరు. దీన్ని మన కవులు కొందరు తిరుగుబాటు అని పాటలు కడుతున్నరు. నేను దాన్ని అంత సులువుగ ఒప్పుకోను. ఒక్క నాడు ఉమ్మినందుకు మిగిలిన మూడువందల అరవై నాలుగు దినాలు ఆమె ఎవరి చేతిల ఉన్నదో ఆ పాటల్ల లేదు.

మా నాయిన చెల్లెను, నా మేనత్తను, తొమ్మిదేండ్లప్పుడు ఎల్లమ్మకు ఇడిచిండ్రు. తల దువ్వక ఎంటికెలు జడలు కట్టినయి, దానికి అమ్మ పిలిచింది అన్నరు. ఇంట్ల కొడుకులకు రోగం, రెండేండ్లు కాలం కాలే, దానికి పరిహారం అన్నరు. తాళి కట్టిండ్రు, మొగడెవరూ లేడు. మొగడు లేడంటె ఊరంతా మొగడే అని అర్థం. పిల్ల పెద్దమనిషి అయినంక ఏ ఇంటోడు ముందు అన్నది ఊరి పెద్దలు తేల్చిండ్రు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది మా ఇల్లు కాదు కాబట్టి రాస్తున్న. మా అత్తకు ఒక కొడుకు పుట్టిండు. బడిల ఏసినప్పుడు 'తండ్రి పేరు' అన్నకాడ ఏం రాయాలె? సారు కలం పట్టుకుని కూసున్నడు, పిల్లలంతా ఆయన మొఖం చూస్తున్నరు. మా నాయిన ఉరికి పోయి మా తాత పేరు చెప్పిండు. సర్టిఫికెట్ల లెక్కన మా బావ, మా నాయిన అన్నదమ్ములు. మేం నవ్వుకుంటం, ఏడ్చుకుంటం కూడ. తల్లి కూడ సహజ సంరక్షకురాలే అని సుప్రీంకోర్టు 1999ల గీతా హరిహరన్ కేసుల చెప్పింది. పెండ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పకుండనే సంరక్షకురాలు కావచ్చని 2015ల ఇంకో తీర్పు ఇచ్చింది. మా బావ బడి పిల్లగాడుగ ఉన్నప్పుడు ఇవేవీ లేవు.

జోగిని దురాచారం మీద కొట్లాట ఇయ్యాల్టిది కాదు. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పిస్తూ దేవుని పేరుతో ఆడపిల్లలను ఇడిచే ఆచారం మీద ఊరూరా ప్రచారం చేసిండు. ఆయన పేరు చరిత్ర కూడ చూడుండ్రి. 1888ల పుట్టినప్పుడు మాదరి భాగయ్య. ఇంటి గురువు భాగ్యరెడ్డి అన్నడు. రెడ్డి అంటే రేడు, ఏలినోడు, ఈ నేలను ముందుగల ఏలింది మనమే అని దాని వాదన. 1913ల ఆర్యసమాజమోళ్లు వర్మ బిరుదిచ్చిండ్రు. మాల పిల్లగాడి పేరుల రెడ్డి, వర్మ రెండూ చేరినయంటె అప్పటి పెద్ద కులాలోళ్ల కడుపు మంట ఎట్ల ఉండెనో! నిజామాబాద్ దిక్కు జాషువా బిడ్డ హేమలతా లవణం జోగినుల నడుమ ఏండ్లకేండ్లు పనిచేసి, వర్నిల చెల్లి నిలయం పెట్టింది. కర్ణాటకల 1982ల చట్టం వచ్చింది, మన దిక్కు 1988ల వచ్చింది. పిల్లను దేవతకు ఇడిస్తె నేరం, జోగిని పెండ్లి చేసుకుంటె ఆ పెండ్లి చెల్లుతది. 1988ల నేను పుట్టిన. మా అత్తకు అప్పటికే ముప్పై దాటినయి.

ఆ ఏడు పుట్టిన నాకు ఎల్లమ్మ పేరే పెట్టాలని మా అవ్వ పట్టుబట్టింది. మా నాయిన ఇంటికెల్లి ఎల్లిపోత అన్నడు. "ఆ పేరు మా చెల్లె బతుకు తిన్నది, నా బిడ్డకు వద్దు" అన్నడు. మా అవ్వ ఒక్కటే మాట అన్నదట: "అమ్మ ఏం చేసిందిరా? చేసినోళ్లు ఊర్ల కండ్ల ముంగట తిరుగుతున్నరు. వాళ్లనేం అనక అమ్మ పేరు మీద పడ్డవా?" ఇరవై ఒకటో దినం తొట్టెలల ఏసి చెవిల పేరు చెప్పింది. నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్లు ఎవరూ ఇంత సక్కగ చెప్పలే, దేవతనూ దేవత పేరు మీద దందా చేసినోళ్లనూ ఏరు చేసి.

ఎల్లమ్మ అన్న నా పేరు బడిదాకనే నడిచింది. మొదటి తరగతిల రిజిస్టరు రాసే సారు "ఎల్లమ్మ ఏంది, పాత పేరు, పిల్ల రేపు కాలేజీకి పోతె నవ్వుతరు" అనుకుంట రేణుక అని రాసుకున్నడు. మా నాయినకు అది నచ్చింది. ఆయనకు ఆ పేరుల చెల్లె కనబడలే. నచ్చిందని నేను తప్పు పట్టను. అయితే సారు మనసుల ఏముండె? ఎల్లమ్మ అంటె వాడ, రేణుక అంటె ఊరు. అప్పటికెల్లి నేను ఇంట్ల ఎల్లమ్మ, సర్టిఫికెట్ల రేణుక. డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని మా ఇంట్ల. ఆ డిగ్రీ మీద ఉన్న పేరు మా ఇంట్ల ఎవరూ పిలువని పేరు. మా అవ్వ మా బడికొచ్చి "మా ఎల్లమ్మ ఉన్నదా" అని అడిగితె అట్లాంటి పిల్ల లేదని చెప్పి పంపిండ్రు. ఎండల రెండు మైళ్లు నడిచొచ్చిన ముసలామె ఎనక్కి పోయింది.

ఇప్పుడు నేను పనిచేసే బడిల పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువల ఉన్నయి. చెదలు తినంగ మిగిలినయి తిరగేసి చూసిన. పాత పేజీల ఆడపిల్లలు తక్కువ, ఉన్నకాడ ఎల్లమ్మ, అనంతమ్మ, మొగులమ్మ, బాలమ్మ. పేర్ల పక్కన కులం గడి. కొన్నేండ్లు దాటినంక ఎల్లమ్మలు తగ్గి రేణుకలు మొదలయితరు, చేతిరాత ఒక్కటే ఉంటది. అంటె తల్లిదండ్రులు మార్చలే, రాసేటోళ్లు మార్చిండ్రు. ఆ తర్వాత స్వప్న, సంధ్య, మౌనిక. ఇప్పుడు వైష్ణవి, శాన్వి. పేర్లు మారినయి, కులం గడి మారలే. పేరు మారిస్తె కులం దాగుతదనుకున్నోళ్లకు ఆ గడి జవాబు చెప్పింది.

దాచొద్దు అన్నోళ్లు కూడ వచ్చిండ్రు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోర మొదలయినంక మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని రాసుకున్నడు. శర్మ, శాస్త్రి, రెడ్డి, రావు ఉన్నప్పుడు మాదిగ ఎందుకుండొద్దు? మా నాయిన ఆ పేరు పేపర్ల చూసి మొదట ఉలిక్కిపడ్డడు, తిట్టు అచ్చేసిండ్రనుకున్నడు. తర్వాత ఆ పేపరు మడిచి దాసుకున్నడు. కంచ ఐలయ్య 2016ల తన పేరుకు షెపర్డ్ కలుపుకున్నడు, గొర్ల కాపరినని. ఇవన్నీ మగోళ్ల పేర్లు. ఆడోళ్ల దిక్కు చూస్తె నాకు ముందు యాదికొచ్చేది చిందుల ఎల్లమ్మ. నిజామాబాద్ జిల్లా ఆమె, చిందు భాగవతంల మగ వేషాలు కూడ కట్టిన మనిషి, 2005ల పోయింది. ఆమె పేరుకు ముందు చిందు, ఎనుక ఎల్లమ్మ, రెండూ కులం మాటలే, రెండూ ఆట మాటలే. ఆమెను ఎవరూ రేణుక చేయలే. మా తాండూరు పక్కన పెద్దేముల్‌ల పుట్టిన గోగు శ్యామల 2003ల తెచ్చిన 'నల్లపొద్దు' తెరిస్తె దళిత ఆడోళ్లు తమ పేర్లతో తమ మాట రాసుకున్నది కనబడతది. మా పిల్లలకు ఆ పుస్తకం చూపిచ్చిన. ఒక పిల్ల లోపల రాసింది చదవకముందు పేర్లే చదివింది, వేలు పెట్టి, ఒక్కొక్కటి.

ఆ పిల్ల పేరు ఎల్లమ్మ. మా బడిల ఇప్పుడు ఆ పేరున్నది ఆమె ఒక్కతే. పదో తరగతి నామినల్ రోల్ పంపే ముందు, పేరు మార్చుకుంట టీచర్ అని వచ్చింది. తోటి పిల్లలు ఎల్లి అని ఎక్కిరిస్తున్నరట. ఏం పేరు కావాలె అంటె "రేణుక" అన్నది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నువ్వు మార్చుకోవద్దు అని నేను చెప్పలే. ఎవరి పేరు వాళ్లది. లంద కింద దాసుకున్న తల్లి కథ, అడ్డం నిలవడ్డ మాదిగామె కథ, మా అత్త కథ, నా రెండు పేర్ల కథ చెప్పిన. నాలుగు దినాలకు వాళ్లమ్మతోని వచ్చి ఉన్నదే ఉండనీ అన్నది. ఎక్కిరించినోళ్లకు ఏం చెప్పినవ్ అంటె, "ఎల్లి అంటె రేపు అని చెప్పిన టీచర్" అన్నది.

అయితే ఇంకో లొల్లి మొదలయింది. ఆధార్ కార్డుల ఇంగ్లీషుల ఆమె పేరు 'వై' అక్షరంతోని ఉన్నది, బడి రిజిస్టర్ల 'ఇ' అక్షరంతోని ఉన్నది, బ్యాంకు పుస్తకంల ఒక 'ఎల్' తక్కువున్నది. మూడూ కలుస్తలేవని స్కాలర్‌షిప్ పైసలు ఆగినయి. పోయిన వారం వాళ్లమ్మ ఒక దినం కూలి ఇడిచిపెట్టి తాండూరు మీసేవకు పోయి లైన్ల నిలవడ్డది. సర్వర్ పనిచేస్తలేదు, రేపు రమ్మన్నరట.